ట్యూబులో కరిగిపోయిన గడ్డ: ఒక స్టెఫ్ ఆరియస్ కేసు

ఉదయం ఏడు గంటలకు డ్యూటీలోకి వచ్చిన టెక్నీషియన్ 37 డిగ్రీల వాటర్ బాత్‌లోంచి ట్యూబు తీసి పక్కకు వంచి చూశాడు. లోపలి ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) నీళ్లలా జారింది. రిజిస్టర్‌లో ‘కోయాగ్యులేజ్ నెగెటివ్’ అని రాశాడు. అంటే ప్లాస్మాను గడ్డకట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా (స్టెఫ్ ఆరియస్) కాదని. ఎనిమిదింటికల్లా వార్డుకు రిపోర్టు వెళ్లిపోయింది: కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టెఫైలోకాకస్, చర్మం మీది క్రిమి శాంపిల్లో కలిసి ఉండొచ్చు. అది చూసి వార్డులో వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఆపేశారు.

ఆ రిపోర్టు తప్పు. ఆ తప్పు మా ల్యాబ్‌దే. ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ వెళ్తే, ఆ ట్యూబులో జరిగిందీ పేషెంటు ఒంట్లో జరుగుతున్నదీ ఒకటేనని అర్థమైంది. అందుకే ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను. పేషెంటును గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

పేషెంటు, మొదటి నాలుగు రోజులు

నలభై దాటిన మనిషి. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మందులు సరిగా వేసుకోడు. చేరినప్పుడు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 9.8. రెండు రోజులుగా వణుకుతో జ్వరం, నడుముకు కుడి పక్కన నొప్పి. జ్వరం 39.4 డిగ్రీలు, తెల్ల రక్తకణాలు 19,400, ఇన్ఫెక్షన్ తీవ్రతను చూపే సీఆర్‌పీ 212. నొప్పి ఒక పక్కకే ఉంది కాబట్టి మొదట కిడ్నీ ఇన్ఫెక్షన్ అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. రాత్రి ఎనిమిదింటికి రెండు చేతుల నుంచి రెండు సెట్ల బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే బాటిళ్లు, సెట్టుకు రెండు) తీసి, ఆ తర్వాతే యాంటీబయోటిక్ సెఫ్‌ట్రయాక్సోన్ మొదలుపెట్టారు. మందుకు ముందు కల్చర్ తీయడమనే ఆ ఒక్క జాగ్రత్త తర్వాత మమ్మల్ని కాపాడింది.

రెండో రోజు పొద్దున ఏడుకీ తొమ్మిదికీ మధ్య నాలుగు బాటిళ్లూ సిగ్నల్ ఇచ్చాయి. అంటే 11 నుంచి 13 గంటల్లో. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఊదారంగు గుండ్రటి కణాలు, గుత్తులు గుత్తులుగా. వార్డుకు ఫోన్ చేశాం, వాళ్లు వాంకోమైసిన్ కలిపారు. ఆ సాయంత్రానికి బ్లడ్ అగార్ (క్రిమిని పెంచడానికి రక్తం కలిపి చేసే ప్లేటు) మీద పలచగా పెరుగుదల కనిపించింది. అందులోంచి కొంచెం తీసి అర ఎంఎల్ కుందేలు ప్లాస్మాలో కలిపి ఆరింటికి ట్యూబు పెట్టారు. నాలుగు గంటల తర్వాత, అంటే రాత్రి పదింటికి, దాన్ని చదవాలి. రాత్రి డ్యూటీలో ఉన్నది ఒక్కరే. ఎమర్జెన్సీ శాంపిళ్లు వరసగా వస్తున్నాయి. ట్యూబు ఎవరూ చూడలేదు. పదమూడు గంటల తర్వాత పొద్దున చూసేసరికి ప్లాస్మా పలచగా ఉంది.

నాలుగో రోజు ఉదయం రెండో సెట్ రిపోర్టు నా సంతకానికి వచ్చింది. దాంట్లోనూ అదే మాట. నాలుగు బాటిళ్లకు నాలుగు, అదీ సగం రోజులో పాజిటివ్ అయ్యాక ‘కలిసి ఉండొచ్చు’ అన్న మాట నాకు మింగుడు పడలేదు. చర్మం మీది క్రిమి పొరపాటున సూదితో వస్తే మామూలుగా ఒక్క బాటిల్లోనే వస్తుంది, ఆలస్యంగానూ వస్తుంది. ప్లేటు తెప్పించాను. రెండు రోజుల కాలనీలు, నునుపుగా, ఉబ్బెత్తుగా, లేత బంగారు రంగులో ఉన్నాయి. ఒక్కో కాలనీ చుట్టూ రక్తం కరిగిపోయి తేటగా ఒక వలయం. ప్లేటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ వలయాల్లోంచి నా వేళ్లు కనిపించాయి.

“మేడమ్, ట్యూబు నెగెటివే వచ్చింది, నేనే చూశాను,” అన్నాడు టెక్నీషియన్. అతను అబద్ధం చెప్పలేదు. స్లైడు మీద ఒక చుక్క ప్లాస్మాలో కాలనీ కలిపాం. పది సెకన్లలోపే తెల్లటి పలుకులుగా విడిపోయింది. వార్డుకు అప్పుడే ఫోన్ చేసి ‘స్టెఫైలోకాకస్ ఆరియస్ అనుకోండి, వాంకోమైసిన్ వెంటనే మళ్లీ మొదలుపెట్టండి, ఇంకో రెండు సెట్ల కల్చర్ పంపండి’ అని చెప్పాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ట్యూబు మళ్లీ పెట్టాం.

ఒక గంటకు ఏమీ లేదు. రెండో గంటకు ట్యూబు వంచితే అడుగున చిక్కగా, తోడుకుంటున్న పాలలా కదిలింది. నాలుగో గంటకు తలకిందులు చేసినా జారలేదు. ఆ ట్యూబును కావాలనే రాత్రంతా 37 డిగ్రీల్లోనే ఉంచమన్నాను. పొద్దున ఏడింటికి అదే ట్యూబు, అదే ప్లాస్మా, నీళ్లలా జారింది. టెక్నీషియన్ నా మొహంలోకి చూశాడు. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది, మేమిద్దరం చదివాం కూడా. కళ్లతో చూడటం అదే మొదటిసారి.

కట్టేది ఒకటి, కరిగించేది ఒకటి

కోయాగ్యులేజ్ అనేది ఈ బ్యాక్టీరియా బయటికి వదిలే ప్రొటీన్. అది మన రక్తంలోని ప్రోత్రాంబిన్‌ను పట్టుకుంటుంది. మామూలుగా ప్రోత్రాంబిన్‌ను కోస్తేనే అది త్రాంబిన్‌గా మారి పనిచేస్తుంది. కోయాగ్యులేజ్ దాన్ని కోయదు. దానికి అతుక్కుని, ఆకారం మార్చి, ఉన్నదాన్ని ఉన్నట్టే పనిలో పెడుతుంది. ఆ జంట ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో ఉన్న అంచెలన్నీ పక్కన పెట్టి, చివరి మెట్టు మీద నేరుగా అడుగుపెట్టడం అన్నమాట. దీనికి తోడు బ్యాక్టీరియా గోడ మీదే ఉండే క్లంపింగ్ ఫ్యాక్టర్ ఫైబ్రినోజన్‌ను పట్టుకుని గుంపుగా అంటుకుంటుంది. స్లైడు మీద పలుకులు కట్టింది దానివల్లే.

స్టెఫైలోకైనేజ్ దీనికి సరిగ్గా ఎదురు. అది ప్లాస్మినోజన్‌ను ప్లాస్మిన్‌గా పనిచేయించి, కట్టిన ఫైబ్రిన్‌ను కరిగిస్తుంది. ట్యూబును నాలుగు గంటలకు చదవకుండా రాత్రంతా వదిలేస్తే కొన్ని స్ట్రెయిన్లు (ఒకే క్రిమిలోని ఉపరకాలు) తాము కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి. మా రిపోర్టు అలాగే తప్పిపోయింది.

గోడ కట్టే సామానూ దాన్ని కూల్చే సామానూ ఒకే క్రిమి దగ్గర ఎందుకున్నాయి? ఈ జీవి రోగకారకంగా ఎలా మారుతుందో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గరే ఆగాలని నా అభిప్రాయం. ‘స్టెఫ్ ఆరియస్ దగ్గర ఫలానా టాక్సిన్లు ఉన్నాయి’ అని పట్టిక బట్టీ పట్టిన విద్యార్థికి ఆ పట్టికలో ఒకదానికొకటి పొసగనివి ఎందుకున్నాయో తెలియదు. పొసగకపోవడానికి కారణం, అవన్నీ ఒకేసారి వాడేవి కాకపోవడమే. ఏది ఎప్పుడు వాడాలన్న లెక్కలోనే దీని బలమంతా ఉంది.

వార్డులో అడిగిన ప్రశ్న

ఐదో రోజు, క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూపే సెన్సిటివిటీ ప్లేటు చదివాం. సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్కు చుట్టూ 27 మి.మీ. జోన్ (క్రిమి పెరగని వలయం). 22, ఆపైన ఉంటే మెథిసిలిన్‌కు లొంగేదే, కాబట్టి ఇది ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫ్ ఆరియస్) కాదు. పెన్సిలిన్‌కు మాత్రం లొంగదు, జోన్ అంచు కత్తితో కోసినట్టు ఉంది. ఎరిత్రోమైసిన్ డిస్కు వైపు క్లిండామైసిన్ జోన్ చదునుగా నొక్కుకుపోయి ఇంగ్లిష్ ‘డి’ అక్షరంలా కనిపించింది. అంటే క్లిండామైసిన్ పైకి పనిచేసేలా కనిపించినా, మధ్యలో చేతులెత్తేస్తుంది. ఆ మందు వద్దని రిపోర్టులో రాశాను. వాంకోమైసిన్ ఆపి సెఫజోలిన్ 2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి మొదలుపెట్టారు.

‘అమ్మయ్య, ఎంఆర్‌ఎస్‌ఏ కాదు’ అని వార్డులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈ మాట వింటే నాకు దిగులేస్తుంది. మందుకు లొంగకపోవడం వేరు, రోగం తెచ్చే శక్తి వేరు. మెక్‌ఏ అనే జన్యువు ఉంటే బీటా లాక్టమ్ మందులు పట్టుకోలేని ఒక ప్రొటీన్ తయారవుతుంది, అంతే. అది లేని క్రిమికి కోయాగ్యులేజ్ తక్కువేం కాదు, టాక్సిన్లు తక్కువేం కాదు. రక్తంలోకి చేరిన స్టెఫ్ ఆరియస్ మందులకు లొంగేదైనా మనుషుల్ని చంపుతుంది. లొంగే రకానికి వాంకోమైసిన్ కంటే సెఫజోలిన్, క్లోక్సాసిలిన్ లాంటివే మెరుగ్గా పనిచేస్తాయి కాబట్టి మందు మార్చడం మాత్రం మంచి పని.

ముక్కు స్వాబ్ తీయడానికి నేనే వార్డుకు వెళ్లాను. పేషెంటు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కుడి మోకాలు పైకి మడిచి పెట్టుకుని. కాలు చాపమంటే సగం వరకు చాపి పళ్లు బిగబట్టాడు. నడుములోంచి తొడ వరకు దిగే సోయాస్ కండరంలో చీము పడితే మనిషి సరిగ్గా ఇలాగే పడుకుంటాడు. పక్కనున్న డాక్టరు కూడా అదే గమనించాడు. ఆ సాయంత్రమే ఎంఆర్‌ఐ చేయించారు. మూడు, నాలుగు నడుం పూసల మధ్య డిస్కు వాచి ఉంది, రెండు పూసల అంచుల్లో ఎముకకు ఇన్ఫెక్షన్, కుడి సోయాస్‌లో నాలుగున్నర సెంటీమీటర్ల చీముగడ్డ. మర్నాడు ఆహారనాళం నుంచి చేసిన ఎకోలో గుండె కవాటాలు శుభ్రంగా ఉన్నాయి.

స్వాబ్ తీస్తుండగా వాళ్లావిడను గట్టిగా అడిగితే ఒక విషయం బయటపడింది. చేరడానికి పన్నెండు రోజుల ముందు మెడ వెనక సెగగడ్డ లేచింది. అతను దాన్ని గోళ్లతో నొక్కి చీము తీసేశాడు. రెండు రోజుల్లో మానిపోయింది.

“చిన్న గడ్డే కదా మేడమ్, అదెప్పుడో మానిపోయింది. మెడకీ నడుముకీ సంబంధం ఏంటి?” అని అడిగిందావిడ.

ఆ రోజు ఆవిడకు రెండు నిమిషాల్లో ఏదో చెప్పాను. అసలు చెప్పాల్సింది ఇది.

ముక్కు నుంచి నడుము దాకా

స్టెఫ్ ఆరియస్ ఎక్కడినుంచో రాలేదు. అతని ముక్కులోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మంది ముక్కు ముందు భాగంలో దీన్ని మోస్తుంటారు. వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. ముక్కు చర్మపు పైపొరలో లోరిక్రిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, బ్యాక్టీరియా గోడ మీది క్లంపింగ్ ఫ్యాక్టర్ బి దాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఇలా పట్టుకునే ప్రొటీన్లు దీని ఒంటి నిండా ఉన్నాయి. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునేవి, కొల్లాజెన్‌ను పట్టుకునేవి, ఫైబ్రినోజన్‌ను పట్టుకునేవి. వాటన్నిటినీ గోడకు కుట్టేసే సార్టేజ్ అనే ఎంజైమును ప్రయోగశాలలో తీసేస్తే, ఎలుకల్లో రోగం తెచ్చే శక్తి బాగా పడిపోతుంది. ముక్కులోంచి వేలికి, వేలి నుంచి మెడకు, అక్కడ వెంట్రుక కుదుట్లోకి. ఇంతవరకు పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు.

కుదుట్లో పదో పాతికో కణాలు దిగినప్పుడు అవి టాక్సిన్లు వదలవు. వదిలితే ఒంటికి తెలిసిపోతుంది, ఉన్న కొద్దీ చచ్చిపోతాయి. అప్పటికి అతుక్కోవడం, దాక్కోవడమే పని. దాక్కోవడానికి వాడే వాటిలో ప్రొటీన్ ఏ నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగిస్తుంది. మన యాంటీబాడీ ‘వై’ ఆకారంలో ఉంటుంది. రెండు చేతులతో క్రిమిని పట్టుకుని, తోకను న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణానికి అందించడం దాని పని. ప్రొటీన్ ఏ ఆ తోకనే పట్టుకుంటుంది. యాంటీబాడీ తలకిందులుగా అతుక్కుంటుంది, న్యూట్రోఫిల్‌కు పట్టు దొరకదు. క్రిమి ఒంటి నిండా యాంటీబాడీలున్నా వాటి వల్ల ప్రయోజనం ఉండదు. స్టెఫ్‌కు ఇంతవరకు మంచి టీకా రాకపోవడానికి ఇలాంటి ఎత్తులు ఒక కారణం.

ఒక్కో కణం తన చుట్టూ ఒక చిన్న పెప్టైడ్‌ను వదులుతూ ఉంటుంది. పది కణాలున్నప్పుడు అది చెదిరిపోతుంది. లక్షలు చేరి, మూసుకుపోయిన చోట ఇరుక్కున్నప్పుడు ఆ పెప్టైడ్ పోగుపడుతుంది. ఒక మోతాదు దాటగానే ప్రతి కణమూ తన పొర మీది గ్రాహకంతో దాన్ని గుర్తిస్తుంది. ‘మనం చాలామందిమి అయ్యాం’ అన్న కబురు అది. ఈ ఏర్పాటును ఏజీఆర్ అంటారు. అది మేలుకోగానే ఆర్‌ఎన్‌ఏ‑త్రీ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తయారై క్రిమి పనితీరునే మార్చేస్తుంది. ప్రొటీన్ ఏ, కోయాగ్యులేజ్, అతుక్కునే ప్రొటీన్లు తగ్గుతాయి. ఆల్ఫా టాక్సిన్, కణజాలాన్ని కరిగించే ఎంజైములు పెరుగుతాయి. కట్టడం ఆపి కూల్చడం మొదలవుతుంది. ఒంట్లో ఇది ట్యూబులో అంత శుభ్రంగా, గడియారం పెట్టినట్టు జరగదు, ఒకే గడ్డలో ఒక మూల కట్టడం, ఇంకో మూల కూల్చడం జరుగుతుండొచ్చు. వరస మాత్రం అదే.

మెడ మీది గడ్డలో ఇదంతా జరిగింది. న్యూట్రోఫిల్స్ గుంపులుగా వచ్చాయి. అవి క్రిమిని మింగి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి దాని మీద పోస్తాయి. స్టెఫ్ దగ్గర దాన్ని విరిచే కేటలేజ్ ఉంది. ఇక కాలనీలకు బంగారు రంగునిచ్చే స్టెఫైలోజాంథిన్ అనే కెరోటినాయిడ్ కూడా ఆ దాడిని తట్టుకోవడానికి పనికొస్తుంది. 1884లో రోజెన్‌బాక్ రంగును బట్టే బంగారు స్టెఫ్‌ను తెల్ల స్టెఫ్ నుంచి వేరు చేసి పేరు పెట్టాడు. ఆ రంగు క్రిమికి కవచం కూడా అని తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆల్ఫా టాక్సిన్ ఏడు ముక్కలుగా వచ్చి కణం పొర మీద వలయంగా కూర్చుని రంధ్రం చేస్తుంది. న్యూట్రోఫిల్‌నే చంపడానికి రెండేసి ముక్కల ల్యూకోసిడిన్లు ఉన్నాయి. చచ్చిన న్యూట్రోఫిల్స్, చచ్చిన చర్మం, బతికున్న బ్యాక్టీరియా, చుట్టూ ఫైబ్రిన్ గోడ. సెగగడ్డ అంటే ఇదే. ఆ గోడ ఒంటికీ పనికొస్తుంది, క్రిమికీ పనికొస్తుంది. క్రిమి బయటికి రాకుండా ఒంటికి, తెల్ల కణాలు లోపలికి రాకుండా క్రిమికి.

దాన్ని గోళ్లతో నొక్కితే చీము కొంత బయటికి వస్తుంది. కొంత లోపలికీ పోతుంది, తెగిన చిన్న రక్తనాళాల్లోకి. మెడ మీది గడ్డ మానిందన్నది నిజమే. అప్పటికే కొన్ని క్రిములు రక్తంలో పడ్డాయి.

రక్తంలో మామూలు బ్యాక్టీరియా ఎక్కువసేపు బతకదు. అక్కడ కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండు కాపలా ఉంటుంది. స్టెఫ్ వదిలే సిన్ అనే చిన్న ప్రొటీన్ ఆ దండును మొదట్లోనే ఆపుతుంది. చిప్స్ అనే ఇంకొకటి న్యూట్రోఫిల్‌కు కబురందే గ్రాహకాల్ని మూస్తుంది. ఈ రెండింటి జన్యువులు, మన ట్యూబును కరిగించిన స్టెఫైలోకైనేజ్ జన్యువు మనుషుల్లో దొరికే స్ట్రెయిన్లలో సాధారణంగా ఒకే ఫేజ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్. ఎప్పుడో ఒక వైరస్ వచ్చి స్టెఫ్ జన్యుపదార్థంలో కలిసిపోయి, మనిషి రక్షణను తప్పించుకునే సామానంతా ఒక మూటగా ఇచ్చిపోయింది. పశువుల్లో స్థిరపడిన స్ట్రెయిన్లలో చాలావాటికి ఈ మూట ఉండదు.

తిండి సంగతి కూడా ఉంది. బ్యాక్టీరియాకు ఇనుము కావాలి, ఒంట్లోని ఇనుములో ఎక్కువ భాగం హీమోగ్లోబిన్‌లో దాగి ఉంటుంది. స్టెఫ్ ఎర్ర కణాలను పగలగొట్టి, ఐఎస్‌డీ‑బి అనే ప్రొటీన్‌తో హీమోగ్లోబిన్‌ను పట్టి అందులోని హీమ్‌ను లాక్కుంటుంది. అది ఎలుక హీమోగ్లోబిన్ కంటే మనిషి హీమోగ్లోబిన్‌నే గట్టిగా పట్టుకుంటుంది. ఎలుకల్లో బాగా పనిచేసిన ప్రయోగాలు మనుషుల దగ్గరకొచ్చేసరికి తేలిపోవడానికి ఇలాంటి తేడాలూ కారణమే. ఐఎస్‌డీ‑బి మీద తయారుచేసిన టీకా ప్రయోగాన్ని 2011లో మధ్యలోనే ఆపేశారు.

నడుం పూసల అంచులకు రక్తం సన్నటి నాళాల్లో నెమ్మదిగా వెళ్తుంది. ఎముక నిండా కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్. పట్టుకునే చేతులున్న క్రిమికి అంతకంటే అనువైన చోటు లేదు. పెద్దవాళ్లలో వెన్నుపూసకు చీము పట్టించే క్రిముల్లో స్టెఫ్ ఆరియస్‌దే మొదటి స్థానం. షుగర్ ఎక్కువగా ఉన్న ఒంట్లో న్యూట్రోఫిల్స్ మందకొడిగా పనిచేస్తాయి కాబట్టి ఇతనికి ఇంకాస్త సులువైంది. పూసలోంచి పక్కనే ఉన్న సోయాస్ కండరంలోకి పాకింది. మెడ మీద వేసిన ఎత్తే మళ్లీ మొదటినుంచి వేసింది: అతుక్కో, దాక్కో, గోడ కట్టు, పెరుగు, కరిగించు. మెడకూ నడుముకూ ఉన్న సంబంధం ఇది.

చీము తీసే వరకు

ఎంఆర్‌ఐ వచ్చాక కూడా రెండు రోజులు ఆగారు. మందుతోనే గడ్డ తగ్గుతుందేమోనని ఆశ. నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. నాలుగో రోజు పంపిన కల్చర్ పాజిటివ్, ఆరో రోజుది కూడా పాజిటివ్. క్రిమి సెఫజోలిన్‌కు లొంగేదే, మందు రక్తంలో సరిపడా ఉంది, అయినా క్రిమి రక్తంలోకి వస్తూనే ఉంది. ఎందుకంటే ఫైబ్రిన్ గోడ లోపల, చచ్చిన కణజాలం మధ్య మందు సరిగా చేరదు. చేరినా అక్కడ క్రిములు నిదానంగా పెరుగుతాయి, పెరిగే క్రిమినే చంపే మందు అక్కడ డీలా పడుతుంది.

ఏడో రోజు సీటీ చూస్తూ గొట్టం వేసి 60 ఎంఎల్ చీము తీశారు. ఆ చీము స్మియర్‌ను నేను చాలాసేపు చూశాను. నిండుగా ఉన్న న్యూట్రోఫిల్ ఒక్కటీ లేదు, అన్నీ పగిలి కేంద్రకాలు సాగిపోయి ఉన్నాయి. వాటి మధ్య లేత గులాబీ రంగు ఫైబ్రిన్ పోగులు, చిక్కుపడిన నూలు ఉండలా. ఆ పోగుల మధ్య ఊదారంగు గుత్తులు. ఆబర్డీన్‌లో ఆగ్‌స్టన్ అనే సర్జన్ 1880లో గడ్డల చీములో చూసినవి ఇవే గుత్తులు. ఆ చీమును జంతువుల్లోకి ఎక్కించి గడ్డలు లేపి చూపించింది ఆయనే. 1882లో ద్రాక్ష గుత్తిని తలపించే గ్రీకు మాటతో స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు.

ఎనిమిదో రోజు తీసిన రక్తంలో ఏమీ పెరగలేదు. ఐదు రోజులు ఉంచి చూసినా లేదు. చికిత్స రోజులు లెక్కపెట్టాల్సింది మందు మొదలైన రోజు నుంచి కాదు, రక్తం శుభ్రమైన ఆ మొదటి రోజు నుంచి. ఎముక కూడా ఉంది కాబట్టి ఆరు వారాలు పెట్టారు. ఎముక కణాల్లో, ఎముక లోపలి సన్నటి గొట్టాల్లో దూరిన స్టెఫ్‌లో కొన్ని ‘స్మాల్ కాలనీ వేరియంట్’గా మారతాయి. రంగుండదు, టాక్సిన్ వదలదు, రెండు మూడు రోజులకు గాని కంటికి కనపడదు. తొందరపడి ఆపితే నెలల తర్వాత మళ్లీ మేలుకునేవి ఇవే.

‘కోయాగ్యులేజ్ నెగెటివ్’ అన్న మాట గురించి

మా తప్పుడు రిపోర్టు అంత తేలిగ్గా వార్డును ఒప్పించడానికి కారణం, ఆ మాటకు అందరి మనసులో ‘పట్టించుకోనక్కర్లేదు’ అన్న అర్థం స్థిరపడిపోవడం. చాలాసార్లు అది నిజమే. స్టెఫ్ ఎపిడెర్మిడిస్ మనందరి చర్మం మీదా ఉంటుంది. గడ్డకట్టించే ప్రొటీన్ లేదు, పెద్ద టాక్సిన్లు లేవు. కానీ ఒంట్లో ప్లాస్టిక్ గానీ లోహం గానీ పెడితే దాని మీద జిగురుపొర కట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. పరాయి వస్తువు ఉంటే పరిస్థితి ఎంత మారుతుందో 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు చూపించారు. మనిషి చర్మంలో చీము లేపడానికి లక్షల్లో స్టెఫ్ ఆరియస్ కణాలు ఎక్కించాల్సి వచ్చింది. అదే చోట పట్టు దారంతో ఒక కుట్టు ఉంటే సుమారు వంద కణాలు చాలాయి. రోగం తెచ్చే శక్తి క్రిమిలో ఎంత ఉందో, అది దిగిన చోటులోనూ అంత ఉంది. ఇక లుగ్డునెన్సిస్ అనే రకం ట్యూబులో నెగెటివ్, స్లైడు మీద పాజిటివ్ కావొచ్చు, గుండె కవాటాలను మాత్రం ఆరియస్ లాగే కొరుక్కుతింటుంది.

టాక్సిన్ ఒక్కదానితోనే వచ్చే జబ్బుల దారి వేరు. ఆహారంలో ముందే తయారైన ఎంటెరోటాక్సిన్ మరిగించినా పోదు, కొన్ని గంటల్లోనే వాంతులు. పసిపిల్లల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయే జబ్బులో టాక్సిన్ చర్మకణాల్ని కలిపి ఉంచే డెస్మోగ్లీన్ 1ను కోసేస్తుంది. 1978లో పేరు పెట్టిన టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌లో ఒక టాక్సిన్ టీ కణాల్లో పెద్ద భాగాన్ని ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఇతని స్ట్రెయిన్‌లో అలాంటి లక్షణాలేవీ కనపడలేదు. పేరున్న టాక్సిన్ ఏదీ అక్కర్లేకుండానే, దాదాపు ప్రతి స్టెఫ్ ఆరియస్ దగ్గరా ఉండే సామానుతోనే, ఇది ఒక మనిషిని ఆరు వారాలు మంచాన పడేసింది.

తర్వాత

ల్యాబ్‌లో కొన్ని పద్ధతులు మార్చాం. కోయాగ్యులేజ్ ట్యూబు ఎవరు పెట్టినా 1, 2, 4 గంటలకు చదివిన టైము రాసి సంతకం పెట్టాలి. నాలుగు గంటలు దాటితే గది వేడిలో ఉంచాలి, 37లో కాదు. రాత్రి ఎనిమిది తర్వాత చదివే మనిషి లేకపోతే ట్యూబు పెట్టకూడదు, స్లైడు చేసి ‘ఆరియస్ కావొచ్చు’ అని ఫోన్ చేయాలి. రెండు సెట్లలో ఒకే రకం పెరిగితే నేను చూడకుండా ‘కలిసి ఉండొచ్చు’ అన్న రిపోర్టు బయటికి వెళ్లదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషిని ఎవరూ తిట్టలేదు. ఒక్కరి మీద అంత పని పెట్టింది మేమే.

ముక్కు స్వాబ్‌లోనూ స్టెఫ్ ఆరియస్ వచ్చింది. రక్తంలో దొరికినదాని సెన్సిటివిటీతో దీనిదీ అచ్చంగా సరిపోయింది, ఆ డి ఆకారపు జోన్‌తో సహా. మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ ముక్కులో రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం చెప్పారు. షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టారు. డ్రెయిన్ పన్నెండో రోజు తీసేశారు. ఇంటికి వెళ్లేటప్పటికి సీఆర్‌పీ 18, ఆరు వారాలు పూర్తయ్యేసరికి మామూలుకు వచ్చింది.

మూడో నెలలో చెకప్‌కు వచ్చాడు. మంచం మీద రెండు కాళ్లూ చాపి పడుకున్నాడు, చాపమని ఎవరూ అనకుండానే. ముక్కు స్వాబ్ మళ్లీ తీశాం. రెండు రోజులకు ప్లేటు మీద మళ్లీ అవే లేత బంగారు కాలనీలు. టెక్నీషియన్ ట్యూబు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండో గంట దాటి పది నిమిషాలకు ట్యూబు వంచి నాకు చూపించాడు. గట్టిపడింది. రిజిస్టర్‌లో టైము రాసి సంతకం పెట్టాడు.